కొసచెట్టు దాకా నడువు

నాయనా,

కాయలు కోసి లారీకి ఎత్తేశారని, కార్తీకం దాటినాక తోటను బెట్టకు వదలాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ చేతికి వచ్చినాక చీనీ తోటకు ఇదే మొదటి బెట్ట. ఎరువుల గురించి, మందుల గురించి నీకు చెప్పేవాళ్లు అంగడికి ఒకరు ఉన్నారు. చెట్ల కింద పడి ఉన్న ఆ నల్ల పైపుల గురించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే ఈ జాబు. రాత్రి భోజనాలయ్యాక తీరుబడిగా చదువు. కోడలుపిల్లకు కూడా వినిపించు. రేపు తోటలో పైపుల వెంట నడిచేటప్పుడు నీతోపాటు ఆమె కూడా ఉంటే రెండో జత కళ్లు ఉన్నట్టు.

మన బావి మీద కపిల ఆడిన రోజులు నేను చూశా. మీ తాత తెల్లారుజామున ఎద్దులను కట్టకముందే బాన తడిమి చూసేవాడు. తోలు తొండం కుట్లు విడిపోయాయేమో వేలు పెట్టి వెతికేవాడు. గిలకకు ఆముదం పోసేవాడు. మోకు పీచులు లేచి కనిపిస్తే ఆ పూట కపిల తోలనిచ్చేవాడు కాదు. ఆయనకు అదేమీ బరువనిపించలేదు, ముఖం కడుక్కున్నట్టే చేసేవాడు. అప్పుడు ఇంకో సౌకర్యం ఉండేది. నీళ్లు పోయే దారి కంటి ముందే ఉండేది. కాలువ గట్టు తెగితే కనిపించేది, పాదు నిండకపోతే కనిపించేది. పార భుజాన వేసుకుని నీళ్ల వెంబడే నడిచేవాళ్లం కాబట్టి ప్రతి చెట్టునూ రోజు విడిచి రోజైనా చూసేవాళ్లం.

డ్రిప్పు వచ్చినాక ఆ నడక పోయింది. నీళ్లు పైపు లోపల పోతాయి. మోటరు ఆడుతూనే ఉంటుంది, గేజీలో ముల్లు నిలబడే ఉంటుంది, గేటు దగ్గరి వరుసలో చుక్కలు చక్కగా పడుతూనే ఉంటాయి. అది చూసి స్టార్టరు పెట్టె మూసి ఇంటికి వస్తాం. కొసన ఉన్న చెట్టుకు వారం నుంచి చుక్క పడలేదన్న సంగతి ఆ చెట్టు ఆకు ముడుచుకునే దాకా మనకు తెలియదు.

నేను అట్లా పోగొట్టుకున్నా. ఆ కథ నీకు తెలిసి ఉండదు, అప్పటికి నువ్వు హాస్టల్లో చదువుకుంటున్నావు. 2002లో వాన ముఖం చాటేసిన ఏడు, బోరు గుక్కలు వేస్తుంటే, ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్టుకు ఇన్ని బిందెలని పోసి బతికించుకున్నాం. మన చుట్టుపక్కల ఎన్ని చీనీ తోటలు ఆ కరువులో కట్టెలకు పోయాయో లెక్కలేదు. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే అనంతపురం నేల మనది. 2003లో ప్రభుత్వం సూక్ష్మసేద్యం పథకం తెచ్చి సబ్సిడీ మీద డ్రిప్పు ఇస్తామన్నప్పుడు ముందు వరుసలో నిలబడి రాయించుకున్నవాళ్లలో నేనొకడిని. మూడేళ్లు దేవుడిచ్చిన వరం మాదిరి పనిచేసింది. నాలుగో ఏడు పడమటి కొసన రెండు వరుసలు పచ్చబడటం మొదలుపెట్టాయి. జింకు లోపమన్నారు, జింకు కొట్టా. వేరుకుళ్లు అన్నారు, మందు కలిపి పాదుల్లో పోశా. ఊళ్లో అప్పు తెచ్చి మరీ పోశా. ఒకరోజు కలుపు తీయడానికి వచ్చిన ఆడమనిషి, "అయ్యా, ఈడ మన్ను ఎన్నాళ్లకు ముందు తడిసిందో, పార దిగడం లేదు" అంది. పోయి ఆ లాటరల్ పైపు కొస మూత విప్పా. నీళ్లు రాలేదు. ముందు పెరుగు మాదిరి తెల్లటి ముద్ద, దాని వెనకాల ఎర్రటి బురద, ఆ తర్వాత ఎప్పటికో నీళ్లు వచ్చాయి. అప్పటికే పదకొండు చెట్లు చేయి దాటిపోయాయి. చెట్టుకు జబ్బు ఏమీ లేదు నాయనా. దానికి దాహం. దాహమేసిన దానికి నేను మందు తాగించా.

ఆ పదకొండు చెట్లు నాకు నేర్పిందే నీకు చెబుతున్నా.

బెట్ట అంటే ఏమిటో నీకు తెలుసు. కాయ దిగినాక నీళ్లు ఆపితే చెట్టు చిగురు వేయడం మానుకుని బలం కూడబెట్టుకుంటుంది. మళ్లీ నీళ్లు తగలగానే ఒక్కపెట్టున పూత తోస్తుంది. మనది తేలికపాటి ఎర్రనేల కాబట్టి మూడు నాలుగు వారాలు చాలు. నల్లరేగడి వాళ్లు ఇంకా ఎక్కువ రోజులు ఆపుతారు, వాళ్లను చూసి నువ్వు ఆపొద్దు. ఆకు వడలి, మెత్తబడి, కొంత రాలిందంటే సరిపోయినట్టే. సంక్రాంతి వెళ్లగానే నీళ్లు వదులుతావు. ఆ నీళ్లు అన్ని చెట్లకూ ఒకే రోజు, ఒకే కొలతన అందాలి. పైపులు పూడి ఉంటే ముందు వరుసలు పూతకు వస్తాయి, కొస వరుసలు ఇంకా బెట్టలోనే మాడుతుంటాయి. తర్వాత ఎప్పుడో వాటికి నీళ్లందించినా పూత వెనకబడి, పిందె నిలబడే వేళకు ఎండ ముదిరిపోతుంది. ఒకే తోటలో మూడు ఈడుల కాయ ఉంటే వ్యాపారి ఏం ధర అడుగుతాడో, కోతకు ఎన్నిసార్లు కూలీలను పిలవాల్సి వస్తుందో నువ్వే ఆలోచించు.

అందుకని డ్రిప్పుకు మరమ్మతు కాలం ఏదంటే ఇదే. నీళ్లతో పని లేని నాలుగు వారాలు ఏడాదిలో ఇంకెక్కడా నీకు దొరకవు. అయితే ఒక మెలిక ఉంది. నీళ్లు ఆపినాక తీరిగ్గా చూసుకుందాంలే అనుకుంటే తప్పు. మన బోరునీళ్లలో సున్నం పాలు ఎక్కువ. బిందెల అడుగున తెల్లగా గట్టిపడేది అదే. పైపు తడిగా ఉన్నంతకాలం ఆ సున్నం కొంత నీళ్లలోనే తిరుగుతుంటుంది. నీళ్లు ఆగి పైపు ఎండకు కాగినప్పుడు డ్రిప్పరు మూతిదగ్గర మిగిలిన చివరి బొట్టు ఆరిపోయి, రాయి మాదిరి బిగుసుకుంటుంది. నెల రోజులు ఆరిన సున్నాన్ని కరిగించడం, నిన్నటి సున్నాన్ని కరిగించడం ఒకటి కాదు. కాబట్టి కడుగుడు పని నీళ్లు ఆపకముందు, ఆ చివరి తడుల్లో చెయ్యి. విరిగినవి అతకడం, పాతవి మార్చడం బెట్టలో చేసుకో.

మొదట నడువు. మోటరు వేసి, ఒక సంచిలో ఎర్రగుడ్డ పీలికలు, 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు ఒకటి వేసుకుని బయలుదేరు. మనవి గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు. అంటే 3 నిమిషాలకు సరిగ్గా 200 మిల్లీలీటర్లు పడాలి. డ్రిప్పరు కింద మన్ను కొంచెం తవ్వి గ్లాసు పెట్టి, ఫోనులో 3 నిమిషాలు చూసుకో. గ్లాసు నిండితే మంచిది. ముప్పాతిక నిండితే పూడిక మొదలైనట్టు. సగం నిండితే ఆ చెట్టు సగం కడుపుతో బతుకుతున్నట్టు. అన్ని డ్రిప్పర్లకూ పెట్టే పని లేదు. ప్రతి వరుసలో మొదటి చెట్టు, నడిమి చెట్టు, కొసచెట్టు చాలు. తేడా ఉన్నచోట కొమ్మకు గుడ్డపీలిక కట్టు. కోడలుపిల్లను నోటుబుక్కులో రాయమను. నువ్వు ముందు వరుసలు చూసి తృప్తిపడి వెనక్కి తిరుగుతావు, నాకు తెలుసు, నేనూ అట్లే చేసేవాడిని. కాళ్లు నొప్పి పుట్టినా కొసచెట్టు దాకా నడువు. పైపులో వచ్చిన మట్టి అంతా పోయి కూర్చునేది కొసనే.

ఆ నడకలోనే ఇంకొకటి గమనించు. కొన్నిచోట్ల చుక్కకు బదులు ధార పడుతుంటుంది. దగ్గరికి పోయి చూస్తే అక్కడ డ్రిప్పరే ఉండదు. పూడిందని కూలివాళ్లు పీకేసి, రంధ్రాన్ని అట్లే వదిలేసి ఉంటారు. లేకపోతే తుమ్మముల్లుతో పొడిచి మూతి పెద్దది చేసి ఉంటారు. ఆ చెట్టుకు నీళ్లు బాగా అందుతున్నాయని వాళ్ల తృప్తి. వాళ్లను కోప్పడకు, చెట్టు ఎండుతుంటే చూడలేక చేసిన పనే అది. కానీ ఒక్క రంధ్రం నుంచి ధార పోతే ఆ వరుసలో ఒత్తిడి పడిపోయి, అవతల పది చెట్లకు చుక్క తగ్గుతుంది. ముల్లుతో పొడిచిన డ్రిప్పరు మళ్లీ కొలతకు రాదు, దాన్ని తీసి పారేసి కొత్తది పెట్టు. పైపు పైన గుచ్చిన డ్రిప్పర్లయితే మూత తిప్పి తీసి, లోపలి పొర కడిగి మళ్లీ బిగించొచ్చు. కింది మడిలో నువ్వు కొత్తగా వేయించిన పైపుల్లో డ్రిప్పరు లోపలే అతికి ఉంటుంది, దాన్ని తెరవడం కుదరదు. దానికి కడుగుడు ఒక్కటే మందు.

ఇక ఫిల్టర్లు. తోటకు అవి మూత్రపిండాల్లాంటివి. ఇసుక ఫిల్టరుకు ముందు ఒక గేజీ, వెనక ఒక గేజీ ఉంటాయి కదా. ఫిల్టరు శుభ్రంగా ఉన్నరోజు రెండింటి మధ్య తేడా ఎంతో గోడమీద సుద్దతో రాసి పెట్టు. ఆ తేడా అరకేజీ దాటిందంటే లోపల మట్టి నిండిందని అర్థం. అప్పుడు వాల్వులు మార్చి నీళ్లను కిందినుంచి పైకి తోలి, బయటికి వచ్చే నీళ్లు తేటపడే దాకా కడుగు. ఈ పని బెట్టకు ముందు మాత్రమే చేసేది కాదు, నీళ్లు పెట్టే కాలంలో రోజూ ఐదు నిమిషాలు చెయ్యాలి. బెట్టకు ముందు చేయాల్సింది వేరే ఉంది. పై మూత బోల్టులు విప్పి, లోపలికి మోచేతి దాకా చేయి పెట్టు. ఇసుక గుల్లగా కదలాలి. ఉండలు ఉండలుగా తగిలితే చిదిమి కడుగు. మురుగు వాసన కొడితే పాచి పట్టినట్టు. మట్టం తగ్గి ఉంటే ఫిల్టర్లకని అమ్మే గరుకు ఇసుకే తెచ్చి పొయ్యి, వంక ఇసుక పొయ్యొద్దు. వంక ఇసుక నునుపుగా ఉంటుంది, సన్నమూ లావూ కలిసి ఉంటుంది. సన్నది పోయి పైపుల్లో చేరుతుంది. ఇంకో మాట, గేజీలను నమ్మేముందు మోటరు ఆపి చూడు. నీళ్లు ఆగినా ముల్లు సున్నాకు రాకపోతే ఆ గేజీ చచ్చిపోయిందని అర్థం. మన గేజీ రెండేళ్లు చచ్చిపడి ఉంటే, ఒత్తిడి బాగుందని నేను మురిసిపోయా.

జల్లెడ ఫిల్టరును విప్పి, మెత్తటి బ్రష్షుతో తోము. ఇనుప బ్రష్షు తగలనివ్వొద్దు. జల్లెడను వెలుతురుకు అడ్డం పెట్టి చూడు, చిరుగు ఎంత చిన్నదైనా తెలిసిపోతుంది. చిరిగిన జల్లెడ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రబ్బరు వాషర్లు ఎండిపోయి పగిలి ఉంటే మార్చు, పది రూపాయల దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఫిల్టర్లు బాగుపడినాక పైపులు కడుగు. ఎప్పుడైనా పైనుంచి కిందికే రావాలి. ముందు మెయిన్ పైపు కొస వాల్వు తెరిచి వదులు, అది తేటపడినాక సబ్‌మెయిన్ కొస, ఆ తర్వాతే లాటరల్ పైపుల కొస మూతలు. అన్ని లాటరళ్ల మూతలూ ఒకేసారి తీశావంటే ఏ పైపులోనూ నీళ్లకు వేగం ఉండదు, మట్టి కదలదు. ఐదారు పైపులు చొప్పున తీసి, రెండు మూడు నిమిషాలు వదిలి, మూసి, మళ్లీ ఇంకో ఐదారు. కొసన వచ్చే నీళ్లను అరచేతిలో పట్టి చూడు. ఎర్రగా ఉంటే ఇనుము, వేళ్లకు జిగటగా తగిలితే పాచి, తెల్లటి పలుకులు వస్తే సున్నం. ఏ మందు వాడాలో ఆ అరచేతిలోనే ఉంది.

మనకు ఎక్కువగా వచ్చేది సున్నం. ఆరిన పలుకు మీద ఆసిడ్ చుక్క వేస్తే నురగ పొంగుతుంది, అదే గుర్తు. దానికి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పెట్టాలి. ఈ పని గురించి నిదానంగా చెబుతా, నిదానంగానే చెయ్యి.

ముందు నీళ్లకు ఎంత ఆసిడ్ కావాలో తెలుసుకోవాలి. పక్క తోట రైతు ఎంత పోశాడో నీకు అక్కర్లేదు, ఆయన బోరు వేరు. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో 10 లీటర్లు మన నీళ్లు తీసుకో. సూదిలేని సిరంజితో ఒక్కో మిల్లీలీటరు ఆసిడ్ వేస్తూ, కట్టెతో కలుపుతూ, పీహెచ్ కాగితం ముంచి చూడు. కాగితం 4 దగ్గరి నారింజ రంగుకు తిరిగినప్పుడు ఆపి లెక్క చూసుకో. 10 లీటర్లకు 10 మిల్లీలీటర్లు పట్టిందనుకో, అంటే లీటరుకు ఒక మిల్లీలీటరు. మన మోటరు గంటకు 8000 లీటర్లు తోడుతుందనుకుంటే, పావుగంటలో పోయేది 2000 లీటర్లు. దానికి 2 లీటర్ల ఆసిడ్ కావాలి. మందును పైపులోకి పీల్చే వెంచురి పావుగంటలో ఎంత పీల్చుకుంటుందో ముందే మంచినీళ్లతో చూసి పెట్టుకో. 20 లీటర్లు పీలిస్తే, 18 లీటర్ల నీళ్లలో 2 లీటర్ల ఆసిడ్ కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచు.

కలిపేటప్పుడు నీళ్లు ముందు, ఆసిడ్ తర్వాత. నీళ్లలోకి ఆసిడ్ పొయ్యాలి, ఆసిడ్‌లోకి నీళ్లు ఎన్నటికీ పొయ్యకూడదు. పోస్తే భగ్గున కాగి ముఖం మీదికి చిందుతుంది. నా ఎడమ మోచేతి మీద ఉన్న మచ్చ గురించి చిన్నప్పుడు నువ్వు చాలాసార్లు అడిగావు, ఎద్దు పొడిచిందని చెప్పా. ఎద్దు కాదు నాయనా. ఆరోజు చేతులకు తొడుగులు లేవు, కళ్లకు అద్దాలు లేవు, పక్కన బకెట్‌లో మంచినీళ్లు కూడా పెట్టుకోలేదు. నువ్వు మూడూ పెట్టుకో. గాలి వీపుకు తగిలేటట్టు నిలబడు. పిల్లలను ఆరోజు తోటకు తేవద్దు.

ఆసిడ్ ఇసుక ఫిల్టరు దాటినాకే పైపులో కలవాలి, లేకపోతే ఫిల్టరు ఇనుమును తినేస్తుంది. పీల్చడం మొదలైనాక ఒకరు కొసచెట్టు దగ్గర కాగితం పట్టుకుని ఉండాలి. అక్కడి డ్రిప్పరు చుక్కకు కాగితం నారింజకు తిరిగిందంటే మందు కొసదాకా చేరినట్టు. అప్పుడు మోటరు ఆపి, ఆ నీళ్లను ఒక రాత్రీ పగలూ పైపుల్లోనే నిలవనివ్వు. మరునాడు మళ్లీ కొస మూతలు విప్పి, ఐదారు పైపుల చొప్పున బాగా కడిగెయ్యి. నాన్చి వదిలేసి కడగకపోతే, ఊడిన సున్నం పలుకులన్నీ పోయి డ్రిప్పరు మూతుల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. మోటరు ఆగినప్పుడు ఆసిడ్ నీళ్లు బోరులోకి వెనక్కి జారకుండా నాన్ రిటర్న్ వాల్వు పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవడం మరవద్దు. ఆ బోరునీళ్లు మనం తాగుతున్నాం.

కింది మడికి ఫారంపాండ్ నీళ్లు పెడుతున్నావు కాబట్టి అక్కడ పాచి ఉంటుంది. పాచికి ఆసిడ్ పనిచేయదు, బ్లీచింగ్ పౌడరు కావాలి. పౌడరును నేరుగా వెంచురికి పెట్టొద్దు. అందులోనూ సున్నం ఉంటుంది. రాత్రి బకెట్‌లో కలిపి పెట్టి, పొద్దునకు పైన తేరిన నీళ్లు మాత్రమే వంచుకో. కొస డ్రిప్పరు నీళ్లలో బ్లీచింగ్ వాసన తెలిసేదాకా పంపి, ఒకరోజు నిలిపి, కడిగెయ్యి. ఇప్పుడు చెప్పబోయేది గుండెల మీద రాసుకో. ఆసిడ్, బ్లీచింగ్ రెండూ ఒక డ్రమ్ములో, ఒక పైపులో, ఒక రోజులో కలవకూడదు. కలిస్తే వచ్చే క్లోరిన్ గాలి మనిషి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఒకటి పెట్టి, శుభ్రంగా కడిగి, నాలుగు రోజులు ఆగినాకే రెండోది. డ్రమ్ములు కూడా వేరువేరుగా ఉంచి, పెద్ద అక్షరాలతో పేర్లు రాయి. కూలికి వచ్చినవాళ్లకు చదువు రాకపోతే రంగులు పుయ్యి.

కడుగుడు అయిపోయింది, నీళ్లు ఆపేశావు. ఇప్పుడు బెట్టలో చేసే పని. గుడ్డపీలికలు కట్టిన చోట్లకు పో. చిల్లిపడిన పైపుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం మనవాళ్ల అలవాటు. రెండు వారాలు ఆగుతుంది, తర్వాత రాత్రిపూట ఊడి తెల్లారేసరికి మడుగు కడుతుంది. చెడిన ముక్కను తిన్నగా కోసి తీసేసి, జాయినరు వెయ్యి. పైపు బిగుసుగా ఉండి ఎక్కకపోతే కొసను వేడినీళ్లలో ముంచు. అగ్గిపుల్ల చూపించొద్దు, మెత్తబడినట్టే మెత్తబడి అక్కడే తర్వాత చీలుతుంది. వాడని రంధ్రాలకు బిరడాలు కొట్టు. పైకి తేలి ఎండ తగులుతున్న పీవీసీ పైపులకు మన్ను కప్పు. ఎండకు ఎండిన పీవీసీ గాజు మాదిరి అవుతుంది, ఎద్దు కాలు పడితే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఒకటి ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. చెట్టు పెరిగింది, డ్రిప్పర్లు మాత్రం మొక్కనాడు పెట్టిన చోటే ఉన్నాయి. మనవి రంగపూర్ నిమ్మ వేరు మీద అంటుకట్టిన సాత్‌గుడి చెట్లు. ఆ అంటు దగ్గర మొదలు ఎప్పుడూ పొడిగా ఉండాలి. మొదట్లోనే తడి నిలిస్తే బంక తెగులు పట్టుకుంటుంది. బెరడు పగిలి బంక కారడం నువ్వు చూశావు కదా. నీళ్లు తాగే సన్నవేళ్లు మొదట్లో ఉండవు, మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ ఉంటాయి. అందుకే ఏటా బెట్టలో పైపులను ఆ నీడ అంచుకు జరుపు. పెద్దచెట్లకు రెండు పక్కలా రెండు లాటరళ్లు వేసి, చెట్టుకు ఎనిమిది డ్రిప్పర్లు ఉండేటట్టు చూసుకో. ఎనిమిదీ సరిగ్గా పడితే గంటకు 32 లీటర్లు, నాలుగు గంటలకు 128 లీటర్లు. అందులో నాలుగు పూడితే నువ్వు అంతే కరెంటు కాల్చి, అంతే సేపు కాపలా కాసి, చెట్టుకు 64 లీటర్లే ఇచ్చినట్టు.

దున్నకం పని ఉంటే ముందుగా పైపులను వెడల్పాటి చుట్టలుగా చుట్టి, ఏ వరుసది ఆ వరుస మొదట్లో వేలాడదియ్యి. ఇరుకు చుట్టలు చుడితే మడతపడిన చోట నలిగిపోతాయి. గుంటకకు, రోటవేటరుకు చిక్కిన పైపులకు లెక్కలేదు మన తోటలో.

ఎరువుల సంగతి రెండు ముక్కల్లో చెబుతా. డ్రిప్పులో ఎరువు వదిలినరోజు చివర్న ఇరవై నిమిషాలైనా మంచినీళ్లు పోనివ్వు. కాల్షియం నైట్రేటును భాస్వరం ఎరువులతో, సల్ఫేటు ఎరువులతో ఒకే డ్రమ్ములో కలపొద్దు, కలిసిన క్షణంలో తెల్లగా విరిగి పైపుల్లో సున్నం మాదిరే కూర్చుంటుంది. నువ్వు జీవామృతం పెడతానన్నావు, సంతోషం. రెండు మడతల గుడ్డలో రెండుసార్లు వడగట్టినాకే పెట్టు.

ఏడాదిలో మిగతా నెలల్లో పెద్ద పనేమీ ఉండదు. ఎండాకాలం మాత్రం ఉడతలతో ఇబ్బంది. అవి పైపు కొరికేది పంతానికి కాదు, దాహానికి. రథసప్తమి దాటినప్పటి నుంచి తోటలో నాలుగుచోట్ల మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టు. మీ పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ పెట్టింది, పైపు కాట్లు సగానికి తగ్గాయి. గట్ల మీద ఎండుగడ్డికి నిప్పు పెట్టనివ్వొద్దు. ఆషాఢం గాలికి పైపులు చెట్టు మొదట్లోకి దొర్లుకుంటూ వస్తాయి, చూసి సర్దు. వానలు పడి నీళ్లతో అవసరం లేని రోజుల్లో కూడా పది రోజులకొకసారి పావుగంట మోటరు వెయ్యి, లేకపోతే చీమలు, సాలెపురుగులు డ్రిప్పరు మూతుల్లో కాపురం పెడతాయి.

ఇంత పని ఒక్కడివే చెయ్యలేవు. నమ్మకంగా ఉండే మనిషిని ఒకరిని పెట్టుకుని, చేయించే ప్రతి పనీ ఎందుకో చెప్పి చేయించు. ఆరోజు మన్ను తడవలేదని నాకు చెప్పిన మనిషి చదువుకున్నది కాదు, కానీ అన్నాళ్లుగా నేను చూడనిది ఆమె పారతో చూసింది. ఆమెకు ఆ ఏడు పండగకు చీర పెట్టా. ఇప్పటికీ ఊళ్లో ఉంది, వీలైతే కలుపుకు ఆమెనే పిలువు.

మోకాళ్లు సహకరిస్తే నేనే వచ్చి నీ వెంట నడిచేవాడిని. డాక్టరు మెట్లు దిగొద్దన్నాడు. సంక్రాంతి వెళ్లి నీళ్లు వదిలేటప్పుడు మొదటి రోజే నిండా పెట్టకు, తేలికగా తడిపి రెండో మూడో తడికి పూర్తి కొలతకు రా. ఆ సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. గేటు పక్క మొదటి చెట్టు గ్లాసు లెక్క, పడమటి గట్టున కొసచెట్టు గ్లాసు లెక్క, రెండూ చెప్పు. ఆ గట్టు పక్కన నువ్వు కొత్తగా నాటించిన మొక్క చిగురు వేసిందో లేదో కూడా చూసి చెప్పు. నేను పోగొట్టుకున్న పదకొండింటిలో మొదటి చెట్టు నిలబడి ఉండిన చోటు అదే.

మీ పెద్దనాయన